ఖాళీ అనుకున్న ఫొటో

మొన్న నంద్యాలలో పొద్దున్నే కాఫీ తాగుతుంటే పాత సహోద్యోగి ఒకాయన ఫోనుకు ఒక వార్త పంపాడు. పేలి ఆరిపోయిందనుకున్న శ్వేత కుబ్జ నక్షత్రమొకటి పూర్తిగా పోలేదట, ఏళ్లు గడిచినా ఆ చోట వెలుగు నిలిచే ఉందట. సంతోషించాల్సింది పోయి నాకు మనసు చేదయింది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో కొండమీది అబ్జర్వేటరీలో టెలిస్కోపు నడిపేవాణ్ణి. అక్కడ పరిశోధన చేస్తున్న ఆళ్లగడ్డ ఆమె నాకంటే పెద్దది కాబట్టి అక్కా అని పిలిచేవాణ్ణి. చుట్టూ వేరే భాషలే వినిపించే ఆ చోట, ఇంటినుంచి ఆమె తెచ్చిన చెనిక్కాయల పొడి అన్నంలో కలుపుకు తింటూ మన యాసలో నాలుగు మాటలు చెప్పుకోవడమే మాకు పండగ.

సూర్యుడి వంటి నక్షత్రం ఇంధనం అయిపోయాక మిగిలే వేడి ముద్దే శ్వేత కుబ్జం. అది పేలితే మామూలుగా ఏమీ మిగలదు. అక్క చూస్తున్న వింత నక్షత్రం మాత్రం నీరసంగా పేలింది, లోపల కొంత మిగిలే ఉంటుందని ఆమె నమ్మకం, ఆమె డాక్టరేటంతా ఆ నమ్మకం మీదే నిలిచి ఉంది. అయితే మసకబారిన చుక్కను అది ఉన్న గెలాక్సీ వెలుగులోంచి వేరు చేయాలంటే, చుక్క పూర్తిగా ఆరాక ఆ చోటుకు ఖాళీ ఫొటో ఒకటి తీసి, మిగతా ఫొటోల్లోంచి దాన్ని తీసివేయాలి. మా ప్రొఫెసరుగారు తొందర మనిషి, మసకబారగానే ఆరిపోయిందని తేల్చి ఆ ఫొటో కాస్తా తీయించేశారు. ఆ ఫొటోలోనే చుక్క వెలుగు ఉండిపోవడంతో, ఆ తరువాత ఎప్పుడు లెక్క వేసినా మిగిలింది సున్నాయే.

"డబ్బాలో అడుగున నూనె ఉండంగనే ఖాళీదని తూకమేసినారు, ఇంగ యాడ కనపడతాదప్పా" అని అక్క నా దగ్గర తల పట్టుకునేది. కొన్నేళ్లాగి మళ్లీ చూడటానికి టెలిస్కోపు ఒక్క రాత్రి ఇమ్మని ఎన్నోసార్లు అడిగింది. కొత్త చుక్కలు వరుసలో ఉండగా ఆరిన పొయ్యి ఎందుకమ్మా అని పెద్దలు నవ్వేశారు. డాక్టరేటు మధ్యలోనే ఆగిపోయింది, ఆమె ఆళ్లగడ్డకు తిరిగొచ్చి పిల్లలకు లెక్కలు చెప్పుకుంటూ ఉండిపోయింది.

మొన్న వార్త వచ్చిన రోజే ఆళ్లగడ్డ బస్సెక్కాను. శిరివెళ్ల దాటేదాకా ఆమెతో ఏమనాలో తోచనే లేదు. పిల్లలకు లెక్కలు చెప్తున్న అక్క బయటికొచ్చి, నా ఫోను తీసుకుని ఆ వార్త రెండుసార్లు చదివింది.

"ఇది వేరే చుక్క కదప్పా. మనది ఎవురన్నా చూసినారా?"

"లేదక్కా."

"చూడరులే" అని ఫోను నా చేతికిచ్చి, పిల్లలు ఎదురు చూస్తాండారని లోపలికి పోయింది.

ఇప్పుడు ఆకాశాన్నంతా యంత్రాలే గాలిస్తున్నాయి, చల్లారిన చుక్కల కోసం ఏళ్ల తరబడి కాచుకునేవాళ్లకు గౌరవమూ దక్కుతోంది. ఆనాడు ఆమెకు ఇవ్వని ఆ ఒక్క రాత్రి ఈనాడైతే అడగగానే ఇస్తారు, కానీ అడగాలన్న ఆశే ఆమెలో మిగల్లేదు.