పుండు పడని చెట్లు

మా మేనత్త బీరకాయ చెక్కు తీస్తుంటే నేను పని మానేసి చూసేదాన్ని. తొక్క ఉల్లిపొరలా వచ్చేది. కండకు కత్తి తగిలేది కాదు. ఎవరైనా మొరటుగా కోస్తే వాళ్ల చేతిలోంచి కత్తి లాగేసుకునేది.

అది రబ్బరు తోటలో పండిన చెయ్యి. సుంగై పెటాని దగ్గర తెల్లదొరలు అడవి కొట్టించి నాటించిన తోట అది. విశాఖపట్నం వైపు నుంచి ఓడెక్కి ఈ దేశానికి వచ్చిన మా ముత్తాత అక్కడే చెట్ల పాలు గీశాడు, అత్తా అక్కడే గీసింది. బెరడు వరకే కత్తి దిగాలి. లోపలి చెక్కకు తగిలితే చెట్టుకు పుండు పడుతుంది.

తర్వాత ఆ భూమిని ఫ్యాక్టరీలకు అమ్మేశారు. ఎలాగూ కొట్టేసే చెట్లే కనుక లోతుగా కోసి ఉన్న పాలన్నీ పిండమన్నారు. అందరూ అలాగే కోశారు. సెలవులకు వెళ్లిన నేను పక్కనే ఉన్నాను. అత్త మాత్రం రోజూలాగే పైపైన గీస్తోంది. పనివాళ్ల మీద ఉండే కంగాణీకి ఒళ్లు మండింది.

“ఏటమ్మా ఇది? వచ్చేవారం పడిపోయే సెట్టుకి ఏటి నీ ముద్దు? కూలి తగ్గిపోతాది.”

“తగ్గనీ. నరికేవోడు నరుకుతాడు. నానెందుకు పుండు సెయ్యాల?”

నిజంగానే ఆ వారం ఆమె కూలి తగ్గింది. ఉత్త మొండితనం అనుకున్నాను.

ఇప్పుడక్కడ రబ్బరు గ్లౌజుల ఫ్యాక్టరీ ఉంది. నా ఉద్యోగం అందులోనే. మొన్న అత్తను కారులో తీసుకెళ్తుంటే గేటు దగ్గర ఆపమంది. అద్దం దించి, లోపలి షెడ్ల వైపు చాలాసేపు చూసింది.

“నా సెట్లు ఇక్కడే పడినాయి,” అంది. “పడిన్నాడు వాటి వొంటిమీద నాను సేసిన పుండు ఒక్కటీ నేదు.”