వియ్యపురాలి గొంతు

మా వీధి టైపు మాస్టారు రిటైరయ్యాక, ఓ పాత కారును విప్పి షెడ్డు నిండా పరుచుకున్నారు. మోచేతుల దగ్గర చిరిగిన చొక్కా, చెవి మీద పాత టూత్‌బ్రష్షు, గోళ్ల నిండా నలుపు, ఇదీ ఆయన వేషం. సామాన్ల అసలు పేర్లకు నోరు తిరగక చుట్టాల పేర్లు పెట్టుకున్నారు. ఏం చెప్పినా అడ్డంగా ఊగే వైపరు పెద్దబావ. తాగందే కదలని కార్బురేటరు తమ్ముడు. ఇక హారనేమో, వియ్యపురాలు. "ఆవిడ చెవిన పడితే అమ్మాయి కాపురం ఏమవుతుందండీ!" అని వాళ్లావిడ మొత్తుకుంటూనే ఉంటుంది.

ఆవేళ మాస్టారు ఉప్పుకాగితంతో హారను రుద్దుతూ, "వియ్యపురాలికి ఒళ్లంతా తుప్పే! ఇంకాస్త రుద్దితేగానీ నోరు లేవదు" అన్నారు. తలెత్తితే గుమ్మంలో అసలు వియ్యపురాలు, ఆవిడ వెనక నెత్తిన చెయ్యి పెట్టుకున్న వాళ్లావిడ! మాస్టారికి కూతురి ముఖం కళ్ల ముందు మెదిలింది. "చెల్లెమ్మా, అది... హారను..." అని నసిగారు. వియ్యపురాలు చేతిసంచి కింద పెట్టి, స్టూలు లాక్కుని కూర్చుంది.

"ఏదీ, నన్నోసారి పలికించండి."

ఆయన హారనుకు బ్యాటరీ తీగ ఆనించారు. హారను పిల్లి తుమ్మినట్టు 'కీ' మంది.

"ఇదా నా గొంతు? నేను వీధి చివర్నుంచి పిలిస్తే మీ అమ్మాయి మేడ మీద నుంచి 'వస్తున్నా వస్తున్నా అత్తయ్యా' అంటుంది! ఇలా ఇవ్వండి అన్నయ్యగారూ" అంటూ ఉప్పుకాగితం లాక్కుని, ఆవిడ తనను తానే రుద్దుకోవడం మొదలుపెట్టింది.