కడుపులో గెంతిన రొయ్యలు

ఎనభైల మొదట్లో కంచరపాలెంలో, రైలు గేటుకి ఇవతల ఉండేవాళ్ళం, బడి అవతల. మా అమ్మాయి మూడో తరగతి. రోజూ బడి వేళకి కడుపునొప్పి. ఆదివారం మాత్రం ఉండేది కాదు. ఇంకా మానేస్తే పేరు కొట్టేస్తామని మాస్టారు కబురు పెట్టారు. బడి గడప తొక్కని నాకు ఆ మాట గుండెలో గునపం.

మా అత్తగారు రాళ్ళుప్పు, ఎండుమిరపకాయలు దిగదుడిచి పొయ్యిలో వేసేవారు. "మిరపకాయల గాటే రాలేదు సూడు. గుంటకి దిష్టే" అనేవారు. మర్నాడు మళ్ళీ అదే నొప్పి.

నాకు ఇంట్లోనే చదువు చెప్పిన మా నాన్న, పద్యం ఎత్తుకునే ముందు గుండె మీద చెయ్యి వేయించి, లోపల ఎలా ఉందో చూసుకోమనేవారు. ఒక పొద్దున దీపం పెట్టాక, అమ్మాయి చెయ్యి దాని పొట్ట మీదే పెట్టి అడిగాను, గుచ్చుతోందా, మెలిపెడుతోందా అని.

"రొయ్యలు గెంతుతన్నాయమ్మా."

యారాడ నుంచి వచ్చే చేపలామె బుట్టలో బతికున్న రొయ్యల్ని అది చూసింది. ఎప్పుడు గెంతుతాయంటే, గేటు వేసినప్పుడట. గూడ్సుబండి ఆగి ఉంటే పెద్దపిల్లలు దాని కిందనుంచి దూరి పోతారు, దీన్నీ రమ్మంటారు. రానంటే వెక్కిరిస్తారు.

అది జబ్బు కాదు, భయం అని చెప్పాను. దేవుడు నీ పొట్టలో పెట్టిన కాపలా, గెంతితే ఆగు, ఉన్నదున్నట్టు చెప్పు అన్నాను. కోపమొస్తే చెవులు వేడెక్కుతాయని, సంతోషమొస్తే అరికాళ్ళు నిలవవని అదే కనిపెట్టింది.

మర్నాడు వెంట వెళ్ళాను. గేటు వేసి ఉంది. రేవుకి ఇనుపరాయి మోసే ఎర్రటి బండి ఆగి ఉంది. పిల్లలు వంగుతున్నారు. ఆపుదామని నేను నోరు తెరిచేలోగా మా అమ్మాయి పొట్ట మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

"రాయే పిరికిగుంటా, బెల్లు కొట్టేత్తారు" అంది ఒక పెద్దపిల్ల.

"అవును, నాకు బయమేత్తంది. నాను దూరను. గేటు తీసినాకే వత్తాను."

ఎవరూ నవ్వలేదు. అందరికన్నా చిన్నది తన పొట్ట తడుముకుని, "నాకూ అలగే ఉందే" అంది. పెద్దపిల్లా, మిగతావాళ్ళూ వెనక్కి వచ్చి నిలబడ్డారు. అంతలో బండి కూత వేసింది, పెట్టెలన్నీ ఒక్క కుదుపుతో కదిలాయి. చక్రాలు మా కళ్ళముందే దొర్లుకుంటూ పోయాయి. నేను రెండు చేతులూ జోడించాను.

ఆలస్యానికి మాస్టారు అందర్నీ బయట నిలబెట్టారట. ఎందుకు ఆగారో మా అమ్మాయి చెబితే లోపలికి రమ్మన్నారట. ఆ ఏడు దాని పేరు ఎవరూ కొట్టలేదు. అంతా అమ్మవారి దయ.

మా అత్తగారు మాత్రం ఉప్పు డబ్బా దగ్గరే పెట్టుకుని, రోజూ గుమ్మంలో అడిగేవారు. "ఏటే, ఈయాల రొయ్యలున్నాయేటి?"

"లేవు మామ్మా. అరికాళ్ళే నిలబడతలేవు" అంటూ సంచీ ఊపుకుంటూ గేటువైపు పరిగెత్తేది.