కోటేశ్వరరావు గారి తెల్ల వైన్

మొన్న మధ్యాహ్నం హోటల్లో ఒక తెల్ల వైన్ సీసా బిరడా తీశాను. ఫ్రాన్స్‌లో వందల ఏళ్ల కిందట క్రైస్తవ సన్యాసులు నాటిన ద్రాక్షతోటది. తీపి బొత్తిగా ఉండదు. గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకోగానే నీళ్లు చల్లిన గుల్ల సున్నం వాసన వచ్చింది. కోటేశ్వరరావు గారు గుర్తొచ్చి, చేస్తున్న పని ఆపి నిలబడిపోయాను.

ఆయనది బాపట్ల దగ్గర సముద్రపు ఒడ్డు. చేపలు పట్టే ఇంట్లో పుట్టి, ఓడల్లో వడ్డన పని చేసి, చివరికి హైదరాబాదులోని మా హోటల్లో వైన్ల విభాగానికి పెద్ద అయ్యారు. నేను దుగ్గిరాల పసుపు రైతు కూతుర్ని. ఉద్యోగంలో చేరిన రోజున ఆయన ఇదే వైన్ ఒక గుక్క పోసి చేతికిచ్చారు.

“మింగకమ్మా, నోట్లో తిప్పి ఉమ్మెయ్. ఎలా ఉంది?”

“పుల్లగా ఉందండి.”

“పులుపని ఎవరైనా చెప్తారు. ఇంకేంటి?”

భయపడుతూనే, “మా ఇంటికి సున్నం వేసేటప్పుడు ఇదే వాసనండి,” అన్నాను. ఆయన గట్టిగా నవ్వారు.

“మా నాయనమ్మ గుల్లలు కాల్చి సున్నం చేసేది. ఆ తోట నేలంతా ఒకప్పటి సముద్రపు గుల్లలే. పుస్తకాల్లో మాటలు నాకొద్దు. తెలిసింది చెప్పు, తెలియకపోతే తెలియదని చెప్పు.”

ఆరేళ్లు ఆయన దగ్గర నేర్చుకున్నాను. తర్వాత ఒక జ్వరం వచ్చి తగ్గింది గానీ, దాంతో పోయిన వాసన పసిగట్టే శక్తి మాత్రం ఆయనకు తిరిగి రాలేదు. ఈ సంగతి నాకొక్కదానికే చెప్పారు. “ఇంకో రెండేళ్లలో రిటైరవుతాను. అందాకా నువ్వు వాసన చూసిపెట్టమ్మా,” అన్నారు. ఆయన బతిమాలడం అంతకుముందు ఎప్పుడూ వినలేదు. ఒప్పుకున్నాను. ప్రతి సీసా ముందు నేను చూసేదాన్ని. నా మాటలే ఆయన అతిథుల దగ్గర చెప్పేవారు.

ఒక ఆదివారం భోజనాల వేళ నేను వేరే హాల్లో చిక్కుకుపోయాను. ఒక అతిథి ఆ తోట వైనే అడిగాడు. కోటేశ్వరరావు గారు నాకోసం చూసి చూసి, తానే బిరడా తీసి, “బాగుందండి” అని పోశారు. బిరడా చెడి, వైన్ తడిసిన అట్టపెట్టెలా కంపు కొడుతోంది. “అసలు మీకు ముక్కుందా?” అని అతిథి అందరి ముందూ అరిచాడు.

మేనేజర్ మా ఇద్దరినీ తన గదికి పిలిపించాడు. ఆయన ఉన్నమాట ఒప్పేసుకున్నాక, “ఈయనకి వాసన తెలియదని నీకు తెలుసా?” అని నన్ను అడిగాడు.

“తెలియదండి,” అన్నాను.

కోటేశ్వరరావు గారు నా వైపు ఒక్కసారి చూసి తల దించుకున్నారు. “ఆ అమ్మాయికి తెలియదండి,” అని తానూ అన్నారు. వారంలో ఆయన్ని పంపేశారు. ఆ ఉద్యోగం నాకిచ్చారు.

ఏడాది దాకా ఆయన దగ్గరికి వెళ్లే ధైర్యం చాల్లేదు. చివరికి మా ఊరు వచ్చినప్పుడు, తెనాలిలో రైలెక్కి బాపట్ల వెళ్లాను. మనిషి సగమయ్యారు. “పాడైన చేపల కూర తెలియక తినేశారమ్మా, ఆస్పత్రిలో పెట్టాల్సొచ్చింది. అప్పట్నుంచీ ముద్ద ముట్టడానికే భయపడుతున్నారు,” అంది ఆయన భార్య. నేను క్షమించమని అడగబోతే ఆయన చెయ్యెత్తి ఆపారు.

“నా అబద్ధం నీచేత మోయించాను, అది నా తప్పు. నీది నువ్వే మోసుకోవాలమ్మా.”

ఆ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. ఆ వేసవిలోనే ఆయన పోయారు. అంతా అయిపోయాక గానీ నాకు కబురందలేదు.

ఆయన నేర్పిన పనితోనే ఇవాళ్టికీ బతుకుతున్నాను. జలుబు చేసిన రోజున, “నాకీ పూట వాసన తెలియడం లేదండి,” అని అందరికీ ముందే చెప్పేస్తాను. ఆ రోజు ఆ గదిలో “తెలుసండి” అని ఉన్నా ఆయన ఉద్యోగం నిలిచేది కాదు. కానీ ఆయన అందులోంచి ఒంటరిగా బయటికి నడిచేవారు కారు.