వల ముట్టిన కాలు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఆడపిల్ల వల ముట్టుకోకూడదు. గంజాం దగ్గర, ఋషికుల్య నది సముద్రంలో కలిసే చోట, మాది చేపలు పట్టే కుటుంబం. చేపలు ఎండబెట్టడం, గంప నెత్తిన పెట్టుకుని వీధివీధీ తిరిగి అమ్మడం అంతా ఆడవాళ్ల పనే. వల దగ్గరికి వెళితే మాత్రం గంగమ్మకు కోపం వస్తుందట. కంపు భరించడానికి పనికొచ్చినవాళ్లం వల అల్లడానికి పనికిరామా అని నాకు ఒళ్లు మండేది.

మా తాతయ్య రెండు కాళ్లూ చాపుకుని, చిరిగిన వలను బొటనవేలికి తగిలించుకుని అల్లుతుంటే పక్కన నిలబడి చూసి చూసి నేర్చేసుకున్నాను. ఒక మధ్యాహ్నం ఆయన భోజనానికి లేవగానే వెళ్లి సూది అందుకున్నాను. ఎవరైనా వస్తే పరిగెత్తాలి కదా, అందుకని ఒక కాలు మడిచి దాని మీద కూర్చుని, రెండో కాలి వేలికి వల తగిలించాను. ఎంతసేపు అల్లానో నాకే తెలియదు.

చిన్నాన్న కేక వినబడి లేవబోయాను. మడిచిన కాలు ఉన్నట్టే లేదు. గిల్లితే తెలియలేదు. అడుగు మోపబోయి కింద పడ్డాను.

"సూసినావేటే గుంటా! వల ముట్టినావు, గంగమ్మ కాలు తీసేసుకున్నాది!" అన్నాడు చిన్నాన్న.

నిజమేననుకున్నాను. తిమ్మిరి అందరికీ ఎక్కుతుంది, అంతకుముందు నాకూ ఎక్కింది. కానీ వల దగ్గర ఆడపిల్లకు ఎక్కేసరికి అది శాపమైపోయింది. ఇంతలో కాలంతా చీమలు పాకినట్టు, సూదులు గుచ్చినట్టు మొదలైంది. శిక్ష పడుతోందనుకుని, ఇంక వల జోలికి రానని మొక్కుకోబోయాను.

చెయ్యి కడుక్కుని వచ్చిన తాతయ్య చిన్నాన్నను పిలిచాడు. "ఇది కూకున్నట్టే నువ్వూ కాలు మడిసి కూకో. ఈ సిరుగంతా అల్లు. అయ్యేదాకా కదలకు" అన్నాడు. చిన్నాన్న నవ్వుతూనే కూర్చున్నాడు. నేను రెప్ప వేయకుండా ఆ కాలినే చూస్తూ ఉన్నాను. చిరుగు పూర్తి చేసి లేవబోయిన మనిషి వల మీదే బోర్లా పడ్డాడు.

"ఏటిరా, గంగమ్మకి నీ మీదా కోపమొచ్చినాదేటి?" అన్నాడు తాతయ్య. "బరువు పడితే నరం నొక్కుకుపోతాది, కాలు మొద్దుబారిపోతాది. నరానికి ఆడేటి, మగేటి?"

చీమలు పాకడం కాలు పోతున్నందుకు కాదని, బరువు తీశాక నరం మళ్లీ పనిలో పడుతున్నందుకని నాకు చెప్పాడు. కాళ్లు చాపుకుని కూర్చోమని సూది నా చేతికే ఇచ్చాడు. చిన్నాన్న వారం రోజులు నాతో మాట్లాడలేదు. మాట్లాడకపోతే నాకేం!

ఆడది ఫలానా పని చేస్తే అరిష్టమని ఈ వయసులోనూ నాకు చెప్పే పెద్దమనుషులున్నారు. నేను వాదన పెట్టుకోను. నాకేమవుతుందో తర్వాత చూద్దాం, అదే పని చేస్తే ముందు నీకేమవుతుందో చూస్తాను, కూర్చో అంటాను. ఇప్పటిదాకా ఒక్కరూ కూర్చోలేదు.