గడ్డం కోసం మాదాపూర్

హైటెక్ సిటీలో గుండ్రటి అద్దాల భవనం లేస్తున్న రోజులవి. వికారాబాద్‌లో అద్దె ఇల్లు చూసి బస్సులో తిరిగొస్తున్నాను. కూకట్‌పల్లిలో నేను కడుతున్న కిరాయిలో సగానికే రెండు గదులు, పెరడు, బోరు. ఆ ఊరు ఎలా ఉంటుందని పక్క సీటు పెద్దాయనను అడిగాను.

ఆయనది మాదాపూరే. అక్కడి ఎకరం అమ్మి, వికారాబాద్ దగ్గర ఐదెకరాలు కొన్నాడట.

"నీళ్లున్నయ్, పంట మంచిగొస్తది. ఏం ఫికర్ లేదు సారూ."

"మరి ఇప్పుడెక్కడికి?"

మాసిన తెల్లగడ్డం నిమురుకున్నాడు. "గడ్డం గీయించుకోనీకి మాదాపూర్ పోతున్న. వారం వారం పోత."

"వికారాబాద్‌లో గీసేవాళ్లు లేరా?"

"మస్తున్నరు. మంచిగనే గీస్తరు. కానీ మాదాపూర్‌ల ఆయన నా లగ్గం నాడు గీసిండు, మా అయ్య పోయిననాడు గుండు చేసిండు. పోయి కూసుంటే సాలు, నేనేం చెప్పకున్నా ఆయనకు ఎరుకే."

లింగంపల్లిలో దిగి ఇంకో బస్సెక్కాడు.

ఆ ఎండాకాలమే నేను వికారాబాద్‌కు మారిపోయాను. ఇల్లు చల్లగా ఉంది, నీళ్లకు కొరత లేదు. మొదటి ఆదివారం బజారులో కటింగ్ షాపుకు వెళ్లాను. షాపాయన మెడకు గుడ్డ చుట్టి, "ఎట్ల చెయ్యాలె సార్?" అని మర్యాదగా అడిగాడు.

కూకట్‌పల్లి షాపులో అన్నేళ్లలో ఆ మాట చెప్పాల్సిన అవసరమే రాలేదు నాకు. అద్దంలో నా జుట్టు చూసుకుని, "మామూలుగానే" అన్నాను.