సందేహహరిణి అచ్చువేసిన పాటలు

నా పేరు మీద మూడు ఆవిష్కరణలున్నాయి. మొదటి రెండూ పనిచేశాయి. మూడోది మరీ బాగా పనిచేసింది. అందుకే రేపల్లె అవతల ఒక ఊరి చర్చిలో, కోత పండుగ ఆదివారం నాడు, రెండు వందల మంది ముందు నా పరువు పడవతో సహా మునిగిపోయింది. ఆ మునక ఎలాంటిదో చెబుతాను. నవ్వండి, నాకేం అభ్యంతరం లేదు. నాలుగేళ్లయింది కాబట్టి ఇప్పుడు నేనూ నవ్వగలుగుతున్నాను. కాకపోతే మా ఆవిడ నవ్వినంత కాదు.

స్కానర్లు, ప్రింటర్లు తయారుచేసే ఒక కంపెనీలో నేను ఇంజనీరును. పదేళ్లు హైదరాబాదులో చేశాక, ఇంటి నుంచే పని చేసుకోవచ్చు అన్నారు కనుక తెనాలిలో మకాం పెట్టాను. మేడ మీది గది నిండా యంత్రాలే. ఆ గదిలోకి రావాలంటే మా ఆవిడ సునీత కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని, వానాకాలంలో చేపల బజారు దాటుతున్నట్టు వైర్ల మధ్య అడుగులు వేసేది.

మొదటి ఆవిష్కరణ ఇది. రెండు కాగితాలు అతుక్కుని ఒకేసారి స్కానరులోకి దూరితే, ఆ చప్పుడు విని యంత్రం ఆగిపోతుంది. రెండోది, లావుపాటి పుస్తకాన్ని బోర్లిస్తే మధ్యలో వంకర తిరిగే వరుసల్ని నిటారుగా నిలబెడుతుంది. మూడోది నా మానసపుత్రిక. పాత కాగితం మీద సిరా వెలిసిపోయి అక్షరం సగమే కనబడితే, మిగతా సగం ఏమై ఉంటుందో తనే ఊహించి, నిండు మాటగా అచ్చువేస్తుంది. తెలుగులో ఇదెంత కష్టమో మీకు తెలియనిది కాదు. ఒక చిన్న గీత చెరిగితే పకారం వకారమైపోతుంది. 'వు' అని రాస్తే 'మ' లాగా కనబడుతుంది. ఈ చిక్కులన్నీ విప్పే నా యంత్రానికి సందేహహరిణి అని పేరు పెట్టాను.

ఆ పేరు విని సునీత, "ఏదో లేహ్యం పేరులా ఉందండి" అంది.

దానికి మూడు నెలలు చదువు చెప్పాను. అప్పట్లో మా కంపెనీకి ఒక కార్యాలయం వారి పాత ఫైళ్లు స్కాన్ చేసే పని వచ్చింది. గదుల నిండా అర్జీలు, ఉత్తర్వులు, తాఖీదులు. సందేహహరిణి అవన్నీ చదివి, నమిలి, జీర్ణం చేసుకుంది. దానికి తెలిసిన తెలుగంతా ఆ ఫైళ్లలోని తెలుగే. పిల్లను పోలీసు స్టేషన్లో పెంచితే జోలపాట కూడా వాంగ్మూలంలా పాడుతుందన్న సంగతి అప్పుడు నాకు తట్టలేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే బాపట్ల నుంచి తాతయ్య ఫోన్ చేశారు. ఈయన మా అమ్మకు చిన్నాన్న, పేరు యోహాను మాస్టారు. రేపల్లె అవతల ఒక పల్లెలో ముప్పై ఏళ్లు పిల్లలకు పాఠాలు చెప్పి, సాయంత్రాలు ఆ ఊరి చర్చిలో పాటలు నేర్పారు. నేర్పిన పాటలన్నీ సొంతంగా కట్టినవే. ఉద్యోగం అయిపోయాక బాపట్లలో కూతురి దగ్గర ఉంటున్నారు. పాటలు రాసుకున్న పొడుగు నోట్‌బుక్కు ఒక తుఫానులో ట్రంకుపెట్టెతో సహా తడిసింది. సిరా పల్చని మజ్జిగలా అయిపోయింది. ఆ ఊరివాళ్లేమో, కోత పండుగకు మాస్టారి పాటలు పుస్తకంగా వస్తే బాగుంటుందని ముచ్చటపడ్డారు.

"ఏరా అబ్బాయ్, నువ్వేదో మిషను కనిపెట్టావంట గదా. తడిసిన రాత కూడా చదువుద్దంట" అన్నారు.

"చదవడమేంటి తాతయ్యా, మీరు రాయబోయి మానేసింది కూడా చదువుద్ది."

"అంత వద్దులే. రాసింది చదివితే చాలు."

మర్నాడే బాపట్ల వెళ్లాను. ఆయనకు అప్పటికి ఎనభై దాటాయి. ఒక కంటికి ఆపరేషన్ అయింది, రెండో కన్ను తన వంతు కోసం ఎదురుచూస్తోంది. నోట్‌బుక్కును తుండుగుడ్డలో చుట్టి తెచ్చి, నా చేతిలో పెట్టి, వెంటనే వదలలేదు. ఒక కొస ఆయన, ఒక కొస నేను పట్టుకుని కాసేపు అలాగే నిలబడ్డాం.

"ఇది పోతే నా దగ్గర ఇంకోటి లేదురా" అన్నారు. నేను ధైర్యం చెప్పాను. అప్పట్లో నా దగ్గర ధైర్యానికి కరువుండేది కాదు.

తెనాలి వచ్చి, నలభై పాటల్నీ అరగంటలో స్కాన్ చేశాను. సందేహహరిణి గిర్రున తిరిగి, పని ముగించి, తెర మీద 'సందేహాలు: లేవు' అని చూపించింది. ఇంత తడిసిన పుస్తకంలో ఒక్క సందేహం కూడా లేదంటే, అసలు సందేహించవలసింది ఆ యంత్రాన్నే. నేను మాత్రం మురిసిపోయి లడ్డూ తిన్నాను.

అచ్చు వేయబోతుంటే సునీత వచ్చి, ఒక్కసారి చదివి చూసుకోమంది. ఆమె ట్యుటోరియల్లో తెలుగు చెబుతుంది. నాకు తీరిక లేకపోతే తనే చదివి పెడతానంది. అద్దం కొనుక్కున్నాక కూడా పక్కింటావిడను అడిగి బొట్టు సరిచేసుకుంటామా అన్నాను. అక్కడితో ఆగినా బాగుండేది.

"మనుషులు చదివితే తప్పులొస్తాయి" అని కూడా అన్నాను. ఆ మాట మా ఇంట్లో ఇప్పటికీ సామెతగా చెలామణిలో ఉంది. కూరలో ఉప్పెక్కువైనా, పాలు పొంగినా వాడుతుంటారు.

పేజీలు మడిచి వరుసలో పేర్చే ప్రింటరు కూడా నాదే కనుక, రెండు రోజుల్లో రెండు వందల పుస్తకాలు తయారయ్యాయి. ఆకుపచ్చ అట్ట, దాని మీద తాతయ్య పేరు. ఇల్లు అలకగానే పండుగ కాదంటారు. పుస్తకం కుట్టగానే కూడా కాదని ఆ తర్వాత తెలిసింది.

ఆదివారం పొద్దున తాతయ్య బాపట్ల నుంచి తెనాలి వచ్చారు. ముగ్గురం కట్టలు మోసుకుని రేపల్లె రైలెక్కాం. ఆయన దారి పొడుగునా ఒక పుస్తకాన్ని ఒళ్లో పెట్టుకుని, వేళ్లతో పేజీలు తడుముతూ, మధ్యమధ్యలో వాసన చూస్తూ కూర్చున్నారు. అన్నీ సరిగ్గా పడ్డాయా అని ఒకసారి అడిగారు. అక్షరం పొల్లు పోలేదని చెప్పాను. అదీ నిజమే, ఏ అక్షరమూ పోలేదు. కొత్తవి వచ్చి చేరాయి, అంతే.

చర్చి నిండా వరికంకులు, అరటిగెలలు, గుమ్మడికాయలు. ముందు వరుసలో తుండుగుడ్డ పరిచిన కుర్చీలో ఒక పెద్దమనిషి కూర్చున్నారు. ఆ మండలానికి కొత్తగా వచ్చిన అధికారి, ఆ రోజు అతిథి. అయ్యగారు, అంటే అక్కడి పాస్టరు, పుస్తకాలు పంచిపెట్టించి, నన్ను లేపి నిలబెట్టి, ఈ ఇంజనీరు గారి తెలివి వల్లే మాస్టారి పాటలు మనకు మళ్లీ దక్కాయని ప్రకటించారు. నేను నాలుగు దిక్కులకూ దండం పెట్టి కూర్చున్నాను. హార్మోనియం మొదలైంది.

తాతయ్య రాసిన మొదటి పాట ఇదీ:

ప్రభువా, మా పొలము చూడ రావయ్యా,
పరిశుద్ధ జలములు పారనీయవయ్యా,
రక్షకుడా, మా చేయి విడువకయ్యా,
నీవే మా ఆధారమయ్యా.

రెండు వందల గొంతులు ఒక్కసారిగా లేచాయి.

"ప్రభుత్వమా, మా పొలము చూడ రావయ్యా..."

తప్పుగా విన్నాననుకున్నాను. చెవిలో వేలు పెట్టి తిప్పుకుని పుస్తకం తెరిచాను. అచ్చు ముత్యాల్లా ఉంది. ప్రభుత్వమా అనే ఉంది. పక్కన సునీత అప్పటికే రెండో వరుస చూసేసినట్టుంది, పైటకొంగు నోట్లో కుక్కుకుంది.

"పారిశుద్ధ్య జలములు పారనీయవయ్యా..."

నా ముందు బల్ల మీద ఒక మామ్మ, ఈ పాట వెనకటికి వేరేగా ఉండేదని గొణిగింది. పక్కనున్న కూతురు, "అచ్చులో ఉందిగా అమ్మా, మాస్టారే మార్చుంటారు" అని సర్దిచెప్పింది. అచ్చు మీద మనవాళ్లకున్న నమ్మకం అలాంటిది. చేత్తో రాసి తప్పు చేస్తే తప్పంటారు. అదే తప్పు అచ్చువేస్తే, దిద్దుబాటంటారు.

మామ్మ కూడా గొంతు కలిపింది.

"రక్షకభటుడా, మా చేయి విడువకయ్యా, నీవే మా ఆధార్ అయ్యా..."

కళ్లు మూసుకుని కంఠతా పాడుతున్న తాతయ్య రెండో వరుసలోనే ఆగిపోయారు. ఆయనను చూసి హార్మోనియం ఆగింది. జనం మాత్రం ఆగలేదు. లాకులెత్తిన కాలవలా పోతూనే ఉన్నారు. ప్రతి పాట చివరా తాతయ్య ఆమేన్ అని రాసుకున్నారు. ఫైళ్లు చదివిన నా పుత్రికకు ఆ మాట ఎన్నడూ తగల్లేదు. పాట చివరికొచ్చాక పిల్లలూ పెద్దలూ అందరూ, దీర్ఘం తీస్తూ, భక్తితో "ఆమోదించడమైనది" అని ముగించారు.



అయ్యగారు పుస్తకం వైపు చూశారు, నా వైపు చూశారు, అధికారి వైపు చూసి చప్పున చూపు తిప్పేసుకున్నారు. ఏం చెయ్యాలో తోచక రెండో పాట నంబరు చెప్పబోయారు. నేను గబగబా ఆ పేజీ తిప్పి చూసి, గుమ్మడికాయల మీదుగా దాటుకుంటూ ఆయన దగ్గరికి పోయాను.

"అయ్యగారూ, రెండో పాట వద్దండి."

"ఏంటండి, ఏమైంది?"

"సిలువ కాస్తా సెలవైందండి. సెలవు చెంత నిలిచితిని అనుంది."

ఆయన కళ్లు మూసుకున్నారు. ఆ మూసుకోవడం ప్రార్థనో, మరొకటో నేను అడగలేదు. పాటలు ఆపి ప్రసంగంలోకి వెళ్లిపోయారు. ఆ ప్రసంగంలో ఒక్క ముక్క నా చెవిన పడలేదు. తాతయ్య తల వంచుకుని కూర్చున్నారు. ముప్పై ఏళ్లు పాడించిన చర్చిలో ఆయన పాటను నవ్వులపాలు చేశాను. నవ్వితే నయం, ఎవరూ నవ్వనైనా లేదు. అధికారి మాత్రం పుస్తకాన్ని మొదటి నుంచి శ్రద్ధగా చదువుతున్నారు. వెటకారం చేశామనుకుంటే ఊరికి ఏం మూడుతుందోనని పెద్దలంతా బిగుసుకుపోయి ఉన్నారు.

చివరికి ఆయన మాట్లాడడానికి లేచారు.

"నేనీ మండలానికొచ్చి రెణ్ణెల్లయిందండి. అర్జీలు చాలా తీసుకున్నాను. తిడతా ఇచ్చినోళ్లున్నారు, ఏడుస్తా ఇచ్చినోళ్లున్నారు. హార్మోనియం పెట్టి ఇచ్చింది మాత్రం మీరేనండి" అన్నారు.

ఆయన పుస్తకం తెరిచి మొదటి పాట మీద వేలు పెట్టారు.

"పొలం చూడ రమ్మన్నారు, వస్తాను. నీళ్లు పారనివ్వమన్నారు. మీ మురుగుకాలవ సంగతి ఇందాక లోపలికొచ్చేటప్పుడే నా ముక్కుకి తెలిసిందండి. ఆమోదించడమైనదని చివర్లో మీరే రాసేశారు. ఇంక నాకు చెయ్యడమే మిగిలింది."

చప్పట్లతో కప్పు అదిరింది. చర్చి వెనక కాలవ గుర్రపుడెక్కతో పూడిపోయి రెండేళ్లయిందట. మామూలు అర్జీలు పెట్టీ పెట్టీ విసిగిపోయారట. ఆ గురువారమే తవ్వే మిషను వచ్చి కాలవను అద్దంలా చేసి వెళ్లింది. అడగందే అమ్మైనా పెట్టదంటారు. పాడందే ప్రభుత్వం పెట్టదని ఆ ఊరివాళ్లకు ఖాయమైపోయింది.

అయినా ఆ చప్పట్లు నావి కావు. జనం భోజనాలకు లేచాక తాతయ్య దగ్గరికి వెళ్లి, తప్పంతా నాదేనని ఒప్పుకున్నాను. ఆ యంత్రానికి ఆఫీసు ఫైళ్లు తప్ప ఏమీ తెలియదనీ, సునీత చదువుతానంటే నేనే వద్దన్నాననీ చెప్పేశాను.

"నలభై పాటలూ ఇంతేనా?"

"చూడలేదు తాతయ్యా."

"అయితే తిరుగు రైల్లో అన్నీ చదివి వినిపించు."

చదివాను. రేపల్లెలో రైలెక్కిన దగ్గర్నుంచి ఒక్కొక్క పాటా గట్టిగా చదివాను. రక్షకభటుడు వచ్చిన ప్రతిచోటా తాతయ్య పగలబడి నవ్వారు, దగ్గు వచ్చేదాకా నవ్వారు. పక్క సీట్లవాళ్లు దగ్గరికి జరిగి కూర్చున్నారు. వేమూరు దాటేసరికి ముప్పయ్యో పాట వచ్చింది. 'నీ ఇంట నా తోడును దాఖలు చేసితివి' అని చదివాను. పెట్టెలో అందరూ నవ్వారు. తాతయ్య నవ్వలేదు.

"అది దాచితివిరా. మీ చిన్నమ్మమ్మ పోయినప్పుడు రాశాను" అన్నారు. కాసేపటికి, "మిగతావి ఎట్టా పడినా ఫరవాలేదు. దాన్ని మాత్రం సరిగ్గా వెయ్యి" అన్నారు.

ఆ ఎండాకాలమంతా ప్రతి శనివారం బాపట్ల వెళ్లాను. ఆయన వసారాలో కూర్చుని పాడితే, నేను కింద కూర్చుని పెన్నుతో రాసుకున్నాను. చెరిగిపోయిన ప్రతి మాటా ఆయన గొంతులో చెక్కుచెదరకుండా ఉంది. యంత్రం పెట్టక ముందు ఒక్కసారి పాడమని అడిగి ఉంటే సరిపోయేది. ఇంజనీరింగ్ కాలేజీలో ఈ పద్ధతి మాకు చెప్పలేదు. ఇంటికొచ్చాక సునీత రెండేసిసార్లు దిద్దింది. ముప్పయ్యో పాటను నేను నాలుగుసార్లు చూశాను.

కొత్త పుస్తకాలు పంపి, పాతవి వెనక్కి ఇచ్చేయమని అయ్యగారికి ఫోన్ చేశాను. ఆయన కాసేపు నసిగారు. కొత్తవి ఆదివారాలు పాడుకుంటున్నారనీ, పాతవి మాత్రం ఎవరూ ఇవ్వడం లేదనీ చెప్పారు. ఇరుగుపొరుగు ఊళ్లవాళ్లు కూడా వచ్చి అడుగుతున్నారట.

"ఇంకో మాటండి. రోడ్డు గురించి కూడా పాటేమన్నా పడిందేమో మీ మిషన్ని ఒకసారి చూడమంటున్నారు" అన్నారు.

ఆ రోజే కుడిచెయ్యి స్కానరు మూత మీద పెట్టి, ఈ విధంగా ప్రతిజ్ఞ చేశాను. ఇకమీదట నా యంత్రానికి ఏ మాట మీద అనుమానం వచ్చినా అక్కడ ఖాళీ వదిలేస్తుంది. ఆ ఖాళీని రాసినవారిని అడిగి నేనే పూరిస్తాను. మనిషి కళ్లు చూడని కాగితం ఒక్కటి కూడా నా ప్రింటరు గడప దాటదు. ఇందుకు నా మూడు ఆవిష్కరణలూ సాక్షి. దీన్ని చక్కగా అచ్చువేసి, గది గోడకు అంటించే ముందు సునీత చేతికిచ్చాను. ఆమె నిలబడే చదివి, రెండు తప్పులు దిద్ది ఇచ్చింది.